పాటల కొలత: డిజిటల్ సంగీత భాండాగారములందు ధ్వనిసమీకరణము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



శబ్దము ఆకాశగుణమని తార్కికులు చెప్పిరి. అది పుట్టినచోటునుండి చెవిని చేరు విధమును తెలుపుటకు వారు రెండు న్యాయములను చూపిరి. చెరువులో రాయి వేసినచో అల వెనుక అల పుట్టి గట్టును తాకునట్లు శబ్దము వ్యాపించుననుట వీచీతరంగ న్యాయము. కడిమిమొగ్గ ఒక్కమాఱు అన్ని దిక్కులకు కేసరములు విప్పినట్లు వ్యాపించుననుట కదంబముకుళ న్యాయము. నేటి భౌతికశాస్త్రము శబ్దమును గాలి ఒత్తిడిలో కలుగు హెచ్చుతగ్గులుగ గ్రహించి, ఆ అల ఎత్తును అంకెలతో కొలుచుచున్నది. ప్రాచీనులు అల స్వరూపమును చర్చించిరి. ఆధునికులు అలకు కొలత కట్టిరి. ఆ కొలతనుగూర్చియు, పాటల భాండాగారములకు ఆ కొలత చేయుచున్న ఉపకారమునుగూర్చియు విచారించుటయే ఈ ఉపన్యాసమునకు ప్రయోజనము.

1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాడు గ్రంథాలయమనగా తాళపత్రములకును, అచ్చుపుస్తకములకును నిలయము. నేడు అరచేతియంత పెట్టెలో వేలకొలది పాటలు, పద్యములు, హరికథలు ఇముడుచున్నవి. అలమారులో ఒక పుస్తకపు అక్షరములు పెద్దవై, ప్రక్కదాని అక్షరములు చిన్నవై యున్నను పాఠకునకు వచ్చిన చిక్కు లేదు. పాటల సంగతి అట్టిది కాదు. పాత గ్రామఫోను రికార్డునుండి ఎక్కించిన పద్యము ముగిసినవెంటనే క్రొత్త సినిమాపాట వచ్చినచో, మొదటిదానికై పెంచిన ధ్వని రెండవదానియందు పిడుగువలె పడును. అదరిపడి తగ్గించినచో, మూడవదైన వీణాగానము వినబడకయే పోవును. శ్రోత చేయి వాల్యూము మీటను విడువజాలదు; మనస్సు పాటయందు నిలువజాలదు. ఈ చిక్కును తీర్చు ఉపాయమును ఆంగ్లమున వాల్యూమ్ లెవెలింగ్ అనియు, లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అనియు వ్యవహరింతురు. తెలుగున ధ్వనిసమీకరణమని పిలుచుకొనవచ్చును.

మొదట ఒక భ్రాంతిని తొలగించుకొనవలెను. మంద్ర, మధ్య, తారములు స్థాయీభేదములు. అవి కంపనముల సంఖ్యను బట్టి యేర్పడును. హెచ్చుదనము, మెల్లదనము అనునవి అల ఎత్తును బట్టి యేర్పడును. తారస్థాయిలో మెల్లగను, మంద్రస్థాయిలో గట్టిగను పాడుట సాధ్యమే. భరతుని నాట్యశాస్త్రము పాఠ్యమునకు ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము అని ఆరు అలంకారములను చెప్పినది. దూరముననున్నవానిని పిలుచు కంఠము వేరు. రోగముచే కృశించినవాని కంఠము వేరు. కాబట్టి హెచ్చుతగ్గులు గానమునకు దోషములు కావు, అలంకారములు. సమీకరణమనగా పాటలోపలి హెచ్చుతగ్గులను చదును చేయుట కాదు. పాటకును పాటకును నడుమ అకారణముగ ఏర్పడిన ఎగుడుదిగుడును సవరించుట మాత్రమే. ఈ భేదమును మఱచినచో మందు విషమగును. ఈ ప్రసంగమంతయు ఈ ఒక్క భేదమును ఆశ్రయించియున్నది.

ధ్వనిని కొలుచు మానమునకు డెసిబెల్ అని పేరు. టెలిఫోనును వెలయించిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేరు కలిసివచ్చునట్లు 1920ల దశాబ్దమున అమెరికాలోని బెల్ టెలిఫోను పరిశోధకులు దీనిని ఏర్పరచిరి. ఇది గజమువలెను, శేరువలెను కూడికతో నడచు మానము కాదు, హెచ్చవేతతో నడచునది. ధ్వనిశక్తి రెట్టింపైనచో సుమారు 3 డెసిబెల్సు, పదిరెట్లైనచో 10, నూరురెట్లైనచో 20, వేయిరెట్లైనచో 30 పెరుగును. ఆరోగ్యవంతుడైన యువకుని చెవి వినగల మిక్కిలి సన్నని ధ్వనిని ఇంచుమించుగ సున్నగ నిర్ణయించిరి. చెవికి బాధ పుట్టించు ధ్వని 120 డెసిబెల్సు ప్రాంతమున నుండును. ఈ రెంటి శక్తుల నడుమ తేడా లక్షకోట్ల రెట్లు. అంత వ్యత్యాసమును మూడంకెలలో ఇమిడ్చుటకే ఈ హెచ్చవేత మానము.

చెవియు ఇంచుమించు ఈ రీతిగనే లెక్క కట్టును. ఒక్క దీపమున్న గదిలోనికి రెండవ దీపము తెచ్చినచో తేడా స్పష్టముగ తెలియును. నూరు దీపములున్న సభలోనికి నూటయొకటవ దీపము తెచ్చినచో ఎవరును గమనింపరు. ఇంద్రియముల ఈ స్వభావమును 19వ శతాబ్దమున వేబర్, ఫెక్నర్ అను జర్మను పండితులు శాస్త్రముగ నిరూపించిరి. ధ్వని 10 డెసిబెల్సు పెరిగినపుడు శక్తి పదిరెట్లైనను, సామాన్య శ్రోతకు అది రెట్టింపైనట్లు మాత్రమే తోచును.

చెవికి మరియొక పక్షపాతము గలదు. అది అన్ని స్వరములను సమదృష్టితో చూడదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు శ్రోతలకు భిన్నస్వరములను వినిపించి, ఏవి సమానముగ తోచుచున్నవో రేఖలుగ గీచి ప్రకటించిరి. సెకనుకు 1,000 కంపనములు గల స్వరము 40 డెసిబెల్సున వినిపించినంత గట్టిగ, 100 కంపనముల మంద్రనాదము వినిపించుటకు అంతకంటె 20 డెసిబెల్సుకు పైగా ఎక్కువ బలము కావలెను. 3,000, 4,000 కంపనముల ప్రాంతమున చెవి మిక్కిలి చురుకైనది. చెవినాళము పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఆ పొడవుగల గొట్టము ఆ కంపనముల ప్రాంతముననే అనునాదము చేయుట ఇందుకు ఒక కారణము. కాబట్టి యంత్రము చూపు బలము ఒకటి, చెవికి తోచు బలము వేరొకటి. సమీకరణ శాస్త్రమంతయు ఈ రెంటి నడుమ వంతెన కట్టుటయే.

ఇక డిజిటల్ విధానము. సి.డి. 1982లో జపానునందు విక్రయమునకు వచ్చినది. ఇందు అల ఎత్తును సెకనుకు 44,100 మారులు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లుగల నిచ్చెనపై ఒక అంకెగ వ్రాసికొందురు. కుడి యెడమ చెవులకు వేర్వేరు వరుసలు. నాలుగు నిమిషముల పాటకు 2,11,68,000 అంకెలు లెక్కకు వచ్చును. పాట యనగా ఇపుడు ఒక పెద్ద చిట్టా. చిట్టాయైనందుననే దానిని లెక్కించుటకు వీలు కలిగినది.

ఈ నిచ్చెనకు పైన ఒక కప్పు గలదు. దానిని దాటి అంకె వ్రాయుటకు తావు లేదు. దాటజూచిన అల నెత్తి తెగి, బల్లపరుపై, కర్ణకఠోరముగ చిటపటలాడును. ఆ కప్పును సున్న డెసిబెల్సని యెంచి, మిగిలిన కొలతలన్నిటిని దాని క్రిందికి మైనస్ గుర్తుతో చెప్పుదురు. బావి ఒరనుండి నీటిమట్టమును క్రిందికి కొలిచినట్లే ఇదియు. మైనస్ 9 అనగా నీరు ఒరకు దగ్గరగ నున్నది. మైనస్ 20 అనగా లోతున నున్నది.

పాటలను సరిచేయుటకు తొలుత అనేకులు అనుసరించిన మార్గము శిఖరసమీకరణము. ప్రతి పాటలోను మిక్కిలి ఎత్తైన అలను వెదకి, అది కప్పును తాకువరకు పాటనంతయు పెంచుట ఆ పద్ధతి. వినుటకు న్యాయముగనే యుండును గాని ఫలము శూన్యము. ఊరిలోని తాటిచెట్టును కొలిచి ఊరు ఇంత ఎత్తున నున్నదని చెప్పినట్లుండును. మృదంగముపై పడిన ఒక్క గట్టి దెబ్బ క్షణకాలము కప్పును తాకినను, తక్కిన గానమంతయు మెల్లగనే యుండవచ్చును. పాత గ్రామఫోను రికార్డుపై ఒక గీత పడియున్నచో, పాటలోకెల్ల ఎత్తైన అల గాయకునిది కాదు. ఆ గీత చేయు టిక్కు శబ్దమే. శిఖరసమీకరణము ఆ గీతకు పట్టము కట్టి గాయకుని మఱచును.

ఈ శిఖరపు లెక్క మరియొక అనర్థమునకు త్రోవ తీసినది. రెండు పాటలను ప్రక్కప్రక్కన వినిపించినచో, కొంచెము గట్టిగ నున్నదే మేలైనదని చెవి తొందరపడి తీర్పు చెప్పును. వ్యాపారులు ఈ బలహీనతను కనిపెట్టిరి. అమెరికాలో నాణెము వేసినచో పాడు పెట్టెలు ప్రబలిన దినములలోనే, తమ రికార్డు తక్కినవానికంటె గట్టిగ మ్రోగవలెనని ఉత్పత్తిదారులు పోటీపడిరి. ఐనను ఆ రికార్డులపై గాడి మితిమీరి వెడల్పైనచో ముల్లు ఎగిరిపడును, పాడు కాలము తగ్గును. కావున ప్రకృతియే హద్దు పెట్టినది. సి.డి.కి ఆ హద్దు లేదు. 1990ల దశాబ్దమున, రాబోవు శిఖరమును ముందే పసిగట్టి క్షణములో అణచు డిజిటల్ లిమిటర్లు వచ్చినవి. ఎత్తైన అలల తలలు అణచి, పాటనంతటిని కప్పువరకు పొంగించుట సులువైనది. శిఖరము సున్నయే, కాని సరాసరి బలము ఏటేట పెరిగినది. దీనికి లౌడ్‌నెస్ యుద్ధమని పేరు వచ్చినది.

ఈ యుద్ధమున ఓడినది సంగీతమే. 2008లో మెటాలికా అను అమెరికా వాద్యబృందము డెత్ మాగ్నెటిక్ అను సంపుటమును వెలువరించినది. ఆ పాటలే గిటార్ హీరో అను వీడియో ఆటయందు అంతగా అణచబడక వినిపించుటచే శ్రోతలు రెంటిని పోల్చిచూచిరి. సి.డి.యందు అలల తలలు తెగినవని గ్రహించి, దానిని మరల సవరించి ఇండని వేలకొలది శ్రోతలు విజ్ఞప్తిపై సంతకములు చేసిరి. అంకెల తగవు సామాన్య శ్రోతల తగవైన సందర్భమిది. అందరును అరచు సంతలో ఎవరి మాటయు వినబడదు; అరపునకు విలువ యుండవలెనన్న ముందు మౌనముండవలెను. సంగీతమునందును అంతే.

శిఖరము పనికిరానిచో సరాసరి తీయవలెను. ఇచ్చట లెక్కలు తెలిసినవారును తొట్రుపడు చోటొకటి గలదు. ఒక గానములో సగము కాలము మైనస్ 10, సగము కాలము మైనస్ 30 డెసిబెల్సు ఉన్నదనుకొందుము. రెంటిని కూడి సగము చేసి మైనస్ 20 అనుట తప్పు. డెసిబెల్సు హెచ్చవేత మానము గనుక, మొదట వానిని శక్తిగ మార్చి, శక్తులకు సరాసరి తీసి, మరల డెసిబెల్సుగ మార్చవలెను. మైనస్ 10 అనగా పదింట ఒక వంతు. మైనస్ 30 అనగా వేయింట ఒక వంతు. రెంటి సరాసరి 0.0505. దానిని మరల మార్చినచో సుమారు మైనస్ 13 వచ్చును. మైనస్ 20కిని మైనస్ 13కిని 7 డెసిబెల్సు భేదము. గట్టి భాగములు సరాసరిని తమవైపు లాగికొనును. చెవికి తోచుటయు అట్లే యుండును.

ఈ ఆలోచనలనన్నిటిని కూర్చి 2001లో డేవిడ్ రాబిన్సన్ అను ఆయన రీప్లేగెయిన్ అను పద్ధతిని ప్రతిపాదించెను. పాటను సెకనులో ఇరువదవ వంతు చొప్పున తునకలుగ విభజింతురు. చెవి పక్షపాతమునకు తగినట్లు మంద్రనాదములను తగ్గించి ప్రతి తునక శక్తిని కట్టుదురు. నాలుగు నిమిషముల పాటకు 4,800 తునకలు వచ్చును. వానిని గట్టివానినుండి మెల్లవానివరకు వరుసగ పేర్చి, పైనున్న నూటికి ఐదు వంతులను, అనగా 240 తునకలను విడిచి, ఆ తరువాతి దాని బలమునే పాట బలముగ గ్రహింతురు. ఒకటిరెండు దెబ్బలు లెక్కను చెరుపవు. నిశ్శబ్దములు లెక్కను దించవు. శ్రోత ఒక పాట ఎంత గట్టిదని చెప్పునపుడు అందలి గట్టి భాగములనే మనస్సునందుంచుకొనునను అనుభవము ఇందులకు ఆధారము.

రేడియో, టెలివిజను సంస్థలకును ఈ చిక్కే యుండెను. కెనడా దేశపు కమ్యూనికేషన్స్ పరిశోధన కేంద్రమున గిల్బర్ట్ సూలోడర్ అను శాస్త్రజ్ఞుడు శ్రోతల తీర్పులను యంత్రముల కొలతలతో పోల్చి, 2004లో ఫలితములను ప్రకటించెను. మిక్కిలి చిక్కైన సూత్రములకంటె, మంద్రనాదములను కొంత తగ్గించి శక్తి సరాసరి కట్టు సులభమైన సూత్రమే శ్రోతల తీర్పునకు దగ్గరగ నున్నదని తేలినది. దానిని మెఱుగుపరచి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో బి.ఎస్. 1770 అను సిఫారసును వెలువరించినది. 2010లో యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఆర్ 128 అను సిఫారసు చేసి, ప్రసారములన్నియు మైనస్ 23 మట్టమున నుండవలెనని నిర్ణయించినది. ఈ మట్టమునకు ఎల్.యు.ఎఫ్.ఎస్. అని పేరు, ఇందు ఒక అంకె తేడా ఒక డెసిబెల్ తేడాకు సమానము.

ఈ కొలతలో గొప్ప మెలకువ జల్లెడ పట్టుట. అయిదు నిమిషముల పాట తరువాత అయిదు నిమిషములు నిశ్శబ్దమున్నదనుకొందుము. మొత్తముమీద సరాసరి తీసినచో బలము సగమై 3 డెసిబెల్సు తక్కువ చూపును. యంత్రము దానిని మెల్లని పాటయని భ్రమించి అనవసరముగ పెంచును. దీనిని వారించుటకు పాటను సెకనులో పదింట నాలుగు వంతుల నిడివిగల తునకలుగ, ఒకదానిపై నొకటి ఒరయునట్లు కోయుదురు. మైనస్ 70 కంటె మెల్లనివానిని నిశ్శబ్దమని మొదటి జల్లెడతో తీసివేయుదురు. మిగిలినవానికి సరాసరి కట్టి, ఆ సరాసరికి 10 క్రిందికి దిగి, అంతకంటె మెల్లనివానిని రెండవ జల్లెడతో తీసివేసి, మిగిలినవానికి మరల సరాసరి కట్టుదురు. పై ఉదాహరణమున తొలి సరాసరి మైనస్ 13. రెండవ జల్లెడ మైనస్ 23. మైనస్ 30 భాగము జారిపోవును. తుది కొలత మైనస్ 10. ఆలాపన మెల్లగ నుండి, పల్లవి, తని ఆవర్తనము గట్టిగ నుండు కచ్చేరికి ఈ లెక్క ఎట్లు పట్టునో సంగీతప్రియులు సులువుగ ఊహింపగలరు. ఆలాపన కొలతలోనికి రాకపోయినను, దానికి అన్యాయము జరుగదు. పాటనంతటిని ఒకే అంకెతో హెచ్చించుటయో తగ్గించుటయో గాని వేరు పని లేదు కనుక, ఆలాపనకును పల్లవికిని గాయకుడుంచిన దూరము అట్లే నిలుచును.

ఇక సరిచేయు లెక్క. లక్ష్యమట్టము మైనస్ 18 అనుకొందుము. మొదటి పాట కొలత మైనస్ 9. దానిని 9 డెసిబెల్సు తగ్గింపవలెను. రెండవ పాట కొలత మైనస్ 20. దానిని 2 పెంచవలెను. ఆ రెండవ పాట శిఖరము మైనస్ 3 వద్ద నున్నచో, పెంచిన తరువాత మైనస్ 1కి వచ్చును, కప్పు తగులదు. లక్ష్యము మైనస్ 14 అని పెట్టుకొన్నచో 6 పెంచవలసివచ్చి, శిఖరము కప్పును 3 డెసిబెల్సు దాటి తెగును. అందుచేతనే లక్ష్యమట్టమును కొంత లోతున నుంచుట వివేకము. ధ్వని చాలలేదని తోచినచో స్పీకరు మీటను ఒక్కమారు పెంచుకొనిన చాలును. మఱియు చిట్టాలోని రెండు అంకెల నడుమ అల వానికంటె ఎత్తుగ లేవవచ్చును గనుక, నడుమనున్న ఎత్తునుకూడ ఊహించి లెక్కించు నిజశిఖరమానమును ఏర్పరచిరి. ఒక డెసిబెల్ వెలితి యుంచుట మేలని ఆర్ 128 చెప్పుటకు ఇది కారణము.

ఈ శాస్త్రమున మిక్కిలి మెచ్చదగిన ధర్మమొకటి గలదు. రీప్లేగెయిన్ మూలచిట్టాను ముట్టదు. గ్రామ లెక్కలలో అడంగలునందలి అసలు పద్దును చెఱిపి తిరుగవ్రాయుట నేరము. చెప్పవలసినదేమైన నున్నచో రిమార్కుల గడిలో వ్రాయవలెను. తాళపత్రమును పరిష్కరించు పండితుడు తనకు తోచిన పాఠమును మూలముపై రుద్దక అడుగున పాఠాంతరముగ చూపును. రీప్లేగెయిన్ చేయునదియు అంతే. పాట ఫైలునందు పేరు, గాయకుని పేరు వ్రాసికొను గడులుండును. వాని ప్రక్కనే ఇంత పెంచవలెను, ఇంత తగ్గింపవలెను, శిఖరమింత అని మూడు ముక్కలు వ్రాసి విడుచును. పాడు యంత్రము ఆ రిమార్కును చదివి పాడునపుడు మాత్రము సవరించును. రేపు మంచి కొలత వచ్చినచో పాత రిమార్కును తుడిచి క్రొత్తది వ్రాసికొనవచ్చును. మూలము చెక్కుచెదరక యుండును. ఎమ్.పి.3 ఫైళ్లకు ఎమ్.పి.3 గెయిన్ అను మరియొక సాధనము గలదు. అది ఫైలులోని బలసూచికనే ఒకటిన్నర డెసిబెల్ మెట్లుగ మార్చును. ఐనను ధ్వనిని మరల పిండి చుట్టదు గనుక, చేసిన మార్పును తిరిగి తీసివేయుటకు వీలున్నది. ఇట్లు కాక, పాటను విప్పి, పెంచి, మరల ఎమ్.పి.3గ చుట్టి మూలముపైననే భద్రపరచుట చేయరాని పని. చుట్టిన ప్రతిసారియు కొంత ధ్వని నశించును. నశించినది తిరిగి రాదు.

పాటకొక లెక్క, సంపుటమునకొక లెక్క అని రెండు విధములు గలవు. అన్ని తావులనుండి ఏరిన పాటలను కలగలుపుగ వినునపుడు ప్రతి పాటను వేరువేరుగ సరిచేయుట మంచిది. ఒక సంపుటము నాదినుండి తుదివరకు వినునపుడు అట్లు చేయరాదు. ఒక నాటకమును పది ముక్కలుగ ఎక్కించినారనుకొందుము. రణరంగమందలి పద్యమొకటి, తల్లి బిడ్డను జోకొట్టు పాటయొకటి. రెంటిని వేరువేరుగ సరిచేసినచో జోలపాట రణభేరితో సమానముగ మ్రోగును, బిడ్డ మేల్కొనును! సంపుటపు లెక్కయందు ముక్కలన్నిటిని ఒకే గానముగ భావించి, అన్నిటికి ఒకే అంకె నిత్తురు. భాగములుగ కోసిన హరికథలకును, కచ్చేరీలకును, పురాణ ప్రవచనములకును ఈ రెండవ విధమే తగినది. కుటుంబములో అన్నదమ్ముల వాటాలు తండ్రి ఉద్దేశము చెడకుండ పంచుట వంటిదిది.

ఈ కొలతలు లోకమున తెచ్చిన మార్పు చిన్నది కాదు. అమెరికా ప్రభుత్వము ప్రకటనలు కార్యక్రమములకంటె గట్టిగ మ్రోగరాదని 2010 డిసెంబరున చట్టము చేసినది. అది 2012 డిసెంబరునుండి అమలునకు వచ్చినది. భారతదేశమున 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నిబంధనలయందును ప్రకటనలు మితిమీరిన హోరుగ నుండరాదను నియమము గలదు. ఇంటర్నెట్టుపై పాటలు వినిపించు స్పాటిఫై వంటి సేవలు మైనస్ 14 ప్రాంతమును లక్ష్యముగ పెట్టుకొన్నవి. దీని ఫలమును గమనింపుడు. తలలు తెగగొట్టి మైనస్ 7కి పొంగించిన పాటను ఆ సేవ 7 డెసిబెల్సు దించును. తెగిన తలలు మాత్రము తిరిగి మొలవవు. సహజముగ మైనస్ 14న నున్న పాట తన శిఖరములతో సజీవముగ మ్రోగుచుండగ, ఈ పొంగిన పాట దాని ప్రక్కన చప్పగ వినబడును. అరచి పొందవలసిన లాభమే లేనపుడు అరచువాడు నష్టపోవును. తూనిక సరియైనచో సంతలో మోసము తనంతట తానే తగ్గుననుటకు ఇది నిదర్శనము.

ఐనను కొలత సర్వజ్ఞము కాదు. 1902లో కలకత్తానందు గౌహర్ జాన్ గానము రికార్డైన కాలమున మైకు లేదు. గాయకులు కొమ్ము గొట్టములోనికి పాడవలసియుండెను. విద్యుత్తుతో రికార్డు చేయుట 1925 ప్రాంతమున మొదలైనది. అట్టి పాత రికార్డులను పెంచినచో గానముతోపాటు గరగర శబ్దమును పెరుగును. యంత్రమునకు గరగర యేదో గమకమేదో తెలియదు. రెంటి శక్తిని కలిపియే కట్టును. ఇచ్చట అంకెకు తోడు రసికుని చెవి కావలెను. మఱియు, ధ్వనిని బాగుగ తగ్గించి వినునపుడు చెవికి మంద్రనాదములు మఱింత తక్కువగ తోచుననియు పై 1933 నాటి రేఖలే చెప్పుచున్నవి. ఈ తేడాను రిమార్కు గడి తీర్చజాలదు.

చెవుల రక్షణ విషయమున ఈ శాస్త్రము చేయు మేలు ముఖ్యమైనది. సెల్‌ఫోనుకు తగిలించి చెవులలో పెట్టుకొను పరికరములు నేడు యువకులందరియొద్దను గలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దవారు వారమునకు 40 గంటలు 80 డెసిబెల్సున వినవచ్చును. 3 డెసిబెల్సు పెరిగినకొలది కాలము సగమగును: 83న 20 గంటలు, 86న 10 గంటలు, 89న 5 గంటలు. మెల్లని పాటకై పెంచి, గట్టి పాట రాగానే తగ్గింప బద్ధకించు యువకుడు తెలియకయే ఈ లెక్కను దాటును. వినికిడి నరములకు చెంత నున్న సూక్ష్మరోమకణములు ఒకసారి నశించినచో మనుష్యునకు మరల మొలవవు. పాటలు సమమట్టమున నున్నచో మీటను ఒక్కమారు హితమైన చోట నిలిపి విడువవచ్చును.

గ్రామ గ్రంథాలయములు ఊరి వృద్ధులు పాడు జోలపాటలను, దంపుళ్ల పాటలను, బుఱ్ఱకథలను సెల్‌ఫోనునందైన రికార్డు చేసి దాచుకొనుట నేడు సాధ్యము. అట్లు దాచువారికి పై విచారమునుండి తేలు నియమములు కొలదివే. మూలమును ఎన్నడును మార్చరాదు; వీలైనచో ఫ్లాక్ వంటి నష్టములేని రూపమున ఒక ప్రతిని వేరుగ దాచవలెను. రికార్డు చేయునపుడు కప్పు తగులకుండ కొంత వెలితి యుంచవలెను. మెల్లగ వచ్చినదానిని తరువాత పెంచుకొనవచ్చును గాని, తెగినదానిని అతుకజాలరు. సవరణను రిమార్కు గడిలోనే వ్రాయింపవలెను; ఫూబార్ 2000, వి.ఎల్.సి. వంటి ఉచిత సాధనములు ఆ గడిని చదువగలవు. వరుసగ వినవలసిన కథలకు సంపుటపు లెక్కనే వాడవలెను. కొలత ముగిసిన తరువాత ఒకమారు చెవితో వినవలెను.

ముసలమ్మ కంఠము సన్ననిదే కావచ్చును. ఆ సన్నదనము ఆమెది. దానిని వినబడునట్లు చేయుట గ్రంథాలయ ధర్మము. ఆమె యూపిరిని, తడబాటును, నిలిచిన నిశ్శబ్దమును చదును చేయుట ధర్మము కాదు. గట్టిగ పలుకువారికి మాత్రమే కాక మెల్లగ పలుకువారికిని సభలో చోటు కల్పించుటయే సమీకరణము.

ఈ గ్రంథాలయము పుస్తకమునకు పుస్తకమును, పాటకు పాటను చేర్చుకొనుచు, ఒకదానిచే మరియొకటి మూగవోకుండ కాపాడుచు, స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక! స్వస్తి.